రక్తంలో ఉంటుందా దొంగబుద్ధి?

పోయిన సంక్రాంతికి వారం ముందు మా వీధి చివరి కిరాణా కొట్టులో, గల్లాపెట్టెలోంచి 4,000 రూపాయలు పోయాయి. ఆమదాలవలస దగ్గర చిన్న ఊరు మాది. కొట్టతను ఒక్క కేక పెట్టేసరికి పది నిమిషాల్లో సగం వీధి పోగైంది. పొద్దుట్నుంచి కొట్టుకి ఎవరెవరు వచ్చారో గుర్తుచేసుకున్నారు. చాలా పేర్లే వచ్చాయి. ఒక పదిహేనేళ్ల కుర్రాడి పేరు దగ్గరికి వచ్చేసరికి ఇక వెతకడం ఆపేశారు. వాళ్ల నాన్న పొలాల్లో మోటార్లు ఎత్తుకుపోయిన కేసులో జైలుకెళ్లి వచ్చాడు. “ఆ గుంటడే తీసుంటాడు. ఆడి బాబూ ఇలాటోడే. రగతంలోనే ఉంది,” అన్నారెవరో. అందరూ తలూపారు.

కుర్రాణ్ని పిలిపించి, అరుగు మీద నిలబెట్టి జేబులు తిప్పించారు. పది రూపాయల నోటు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్క, నాలుగు రేగుపళ్లు బయటపడ్డాయి. రేగుపళ్లు అరుగు మీంచి దొర్లి కింద పడితే ఎవరూ తీయలేదు. మర్నాడు సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. బియ్యం వ్యాపారికి బాకీ కట్టాలని కొట్టతని బావమరిదే డబ్బు తీసి, చెప్పడం మర్చిపోయాడు. బావమరిది రక్తం గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు.

తర్వాతి ఆదివారం ఆ కుర్రాడు మా ఇంటికొచ్చాడు. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. ఆ సంగతి వాడికి తెలుసు. గుమ్మం దగ్గరే నిలబడి, “సార్, మా నాన్నకున్నది నాక్కూడా వచ్చేస్తాదేటండీ?” అన్నాడు. షుగర్ జబ్బు గురించి అడిగినట్టు అడిగాడు. “అలాంటిదేం లేదురా” అని పంపేశాను. కానీ ఆ జవాబు నాకే చాల్లేదు. పుట్టుకకు ఏ సంబంధమూ లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది అబద్ధం. ఊరు అన్నట్టు రక్తంలోనే ఉందంటే అంతకంటే పెద్ద అబద్ధం. వాడికి అర్థమయ్యేలా సరైన జవాబు చెప్పాలని కూర్చుంటే ఇంత రాయాల్సి వచ్చింది.

మన సామెతలే రెండు వైపులా వాదిస్తాయి. ‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అంటాం. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అనీ అంటాం. మొదటిది పుట్టుక పక్షం, రెండోది పెంపకం పక్షం. ‘తల్లి చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా’ అన్నదాన్ని మాత్రం మనం రక్తం గురించి చెప్పినట్టే వాడేస్తాం. నిజానికి ఆ దూడ తల్లిని చూసి నేర్చుకుందా, తల్లి కడుపులోంచే తెచ్చుకుందా అన్నది సామెత చెప్పదు. నూట యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు వాదించుకుంటున్నదీ ఆ దూడ దగ్గరే.

ఈ ‘రగతం’ మాటకి సైన్సు చొక్కా తొడిగి ప్రపంచమంతా తిప్పినవాడు ఇటలీ డాక్టరు చెజారే లొంబ్రోసో. విల్లెల్లా అనే ఖైదీ చనిపోతే అతని పుర్రె పరీక్షించాడు. పుర్రె లోపల వెనక భాగంలో, సాధారణంగా మనుషుల్లో కనిపించని చిన్న గుంట ఒకటి కనిపించింది. కొన్ని జంతువుల్లో అలాంటిది ఉంటుంది. దాంతో నేరస్తుడంటే పరిణామంలో వెనక్కి జారిపోయిన మనిషి, పుట్టుకతోనే నేరస్తుడు అని సిద్ధాంతం కట్టేశాడు. 1876లో అచ్చయిన పుస్తకంలో పెద్ద దవడలు, పొడుగు చేతులు, చేటల్లాంటి చెవులు అంటూ నేరస్తుల గుర్తులు రాశాడు. ఇంగ్లండు జైళ్లలో డాక్టరుగా పనిచేసిన చార్లెస్ గోరింగ్ దాదాపు 3,000 మంది ఖైదీలను కొలిచి, మామూలు జనంతో, సైనికులతో, విద్యార్థులతో పోల్చి 1913లో ఫలితం ప్రకటించాడు. లొంబ్రోసో చెప్పిన ఆ ‘నేరస్తుడి ముఖం’ ఎక్కడా లేదు. ఖైదీలు సగటున కాస్త పొట్టిగా, కాస్త బరువు తక్కువగా ఉన్నారు, అంతే. గోరింగ్ దాన్నీ పుట్టుక ఖాతాలోనే వేశాడు. నాకు మాత్రం ఆ అంకెల్లో చిన్నప్పుడు దొరకని తిండి కనిపిస్తుంది.

అక్కడ పుస్తకంగా మిగిలింది ఇక్కడ చట్టమైంది. 1871లో, అంటే లొంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ల ముందే, బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది. దాని వెనక వాదన ఇది: ఈ దేశంలో నేతపని, వడ్రంగం తండ్రి నుంచి కొడుక్కి వస్తాయి కాబట్టి దొంగతనం కూడా అలాగే వస్తుంది. 1911లో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. కొన్ని కులాలవాళ్లు పుట్టడమే నేరస్తులుగా పుట్టారు. వేలిముద్రలు వేయాలి, హాజరు చెప్పుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. గుంటూరు వైపు ఎరుకల కుటుంబాల కోసం పెట్టిన స్టువర్టుపురం అలా పుట్టినదే. హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరగారి పేరు మీద పెట్టిన ఊరు అది.

మనవైపు సంగతీ చెప్పాలి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం తాలూకా గంజాం జిల్లాలో ఉండేది. ఆ గంజాంలో ఊళ్లకు కాపలా కాసే దండాసీలు ఉండేవారు. రాత్రంతా మేలుకుని ఊరిని చూసుకోవడం వాళ్ల పని. వాళ్లనే వృత్తి దొంగలని జనాభా లెక్కల రిపోర్టుల్లో రాసిపెట్టారు. ఊరు తన ధాన్యం ఎవరి చేతికి అప్పగించి నిద్రపోయిందో వాళ్లకే దొంగల ముద్ర వేశారు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినంత తేలిగ్గా అలవాటు పోలేదు. జైలు మాన్యువళ్లలో ఈ కులాల ప్రస్తావన మొన్నమొన్నటి దాకా ఉంది. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ కులవివక్ష నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. మా అరుగు మీద వినపడిన ‘రగతం’ మాట వెనక ఇంత చరిత్ర ఉందని అన్నవాళ్లకు తెలియదు. అయినా ఆ చరిత్రే వాళ్ల నోటితో మాట్లాడింది.

ఇంత జరిగింది కాబట్టి నేరానికీ శరీరానికీ ఏ సంబంధమూ లేదని కొట్టిపారేయాలనిపిస్తుంది. చాలామంది మంచివాళ్లు అలాగే చేస్తారు. కానీ అదీ నిజం కాదు.

దూడ ప్రశ్న తేలాలంటే ఏం చేయాలి? పుట్టిన వెంటనే దాన్ని వేరే దొడ్డికి మార్చి చూడాలి. మనుషుల్లో ఆ పని దత్తత చేస్తుంది. డెన్మార్కులో 1927 నుంచి 1947 వరకు దత్తత వెళ్లిన 14,427 మంది రికార్డులు తీసి, కన్నవాళ్ల శిక్షలు, పెంచినవాళ్ల శిక్షలు, పిల్లల శిక్షలు మూడూ పక్కపక్కన పెట్టి మెడ్నిక్ అనే పరిశోధకుడి బృందం 1984లో ప్రచురించింది. కన్నవాళ్ల మీదా పెంచినవాళ్ల మీదా ఏ శిక్షా లేని మగపిల్లల్లో 13.5 శాతం మంది కోర్టులో శిక్షపడ్డవాళ్లు. పెంచినవాళ్లకు మాత్రమే శిక్షలు ఉంటే 14.7 శాతం. కన్నవాళ్లకు మాత్రమే ఉంటే 20 శాతం. ఇద్దరికీ ఉంటే 24.5 శాతం. కన్నవాళ్ల ముఖం కూడా ఎరగని పిల్లల్లో ఆ తేడా వచ్చింది కాబట్టి పుట్టుకతో ఏదో వస్తోందన్నది నిజమే. ఇంకో సంగతి కూడా అందులోనే ఉంది. ఆ సంబంధం ఆస్తి నేరాల్లో కనిపించింది, హింసాత్మక నేరాల్లో కనిపించలేదు. ‘హంతకుడి రక్తం’ అనే మాటకు ఈ లెక్కల్లో ఆధారం దొరకదు.

కవలల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, సంఘ వ్యతిరేక ప్రవర్తనలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్ల అని అంటారు. ఈ ‘సగం’ అన్న మాటను పేపర్లు ఘోరంగా వాడతాయి. ఒక దొంగతనంలో సగం తప్పు జన్యువులది, సగం మనిషిది అని దానర్థం కాదు.

రైతుబిడ్డలకు ఇది చెప్పడం తేలిక. మన రాగోలు పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలు ఒక్కటే విత్తనం తెచ్చి, వంశధార కాలువ మొదట్లో ఒక మడి, నీరందని శివారులో ఒక మడి ఊడ్చామనుకోండి. రెండు మళ్ల దిగుబడిలో తేడా వస్తే అది పూర్తిగా నీటిదీ ఎరువుదీ. విత్తనం ఒకటే కదా. అదే కాలువ మొదట్లో, ఒకే మడిలో, నాలుగు రకాల విత్తనాలు కలిపి చల్లితే? ఇప్పుడు తేడా అంతా విత్తనానిది. వరి మారలేదు, సూర్యుడు మారలేదు, ‘విత్తనం వాటా’ మాత్రం సున్నా నుంచి వందకు పోయింది. అంటే ఆ శాతం విత్తనం గుణం కాదు, మనం ఏ పొలాల్లో కొలిచామో వాటి గుణం. పిల్లలందరికీ తిండి, బడి, భద్రత ఒక మోస్తరుగా అందే డెన్మార్కులో కొలిచిన శాతాన్ని తెచ్చి మన మన్యంలో పుట్టిన పిల్లవాడి మీద అతికించడం కుదరదు. నేను క్లాసులో ఈ వరి మడి బొమ్మ గీయకుండా వంశపారంపర్యం పాఠం ఎప్పుడూ ముగించను.

మరి ఆ ‘నేరం జన్యువు’ దొరికిందా? దొరికిందని రెండుసార్లు పెద్ద గోల జరిగింది. 1965లో స్కాట్లండులో ఒక సెక్యూరిటీ ఆసుపత్రిలో ఉన్న మగవాళ్లను పరీక్షిస్తే, ఒక వై క్రోమోజోము ఎక్కువగా ఉన్నవాళ్లు బయటి జనంలో కంటే ఎక్కువ మంది కనిపించారు. అంతే, ‘డబుల్ వై ఉంటే రాక్షసుడే’ అని ప్రచారం జరిగిపోయింది. 1976లో డెన్మార్కులో జైళ్లలో కాకుండా మామూలు జనంలో వెతికి చూస్తే, వాళ్లకు శిక్షలు కాస్త ఎక్కువే గానీ హింస ఎక్కువని తేలలేదు. వెయ్యి మంది మగవాళ్లలో ఒకరికి ఇది ఉంటుంది. చాలామంది అది తమకుందని తెలియకుండానే బతికేస్తారు.

రెండోది ఎం.ఏ.ఓ.ఏ. దీని దగ్గర కాసేపు ఆగాలి. మెదడులో సెరటోనిన్, డోపమిన్ లాంటి రసాయనాలు పని అయ్యాక వాటిని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంది. దాన్ని తయారుచేసే జన్యువు ఇది. 1993లో నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబంలో కొందరు మగవాళ్లకు ఈ జన్యువు అసలే పనిచేయడం లేదని హాన్ బ్రునర్ బృందం కనిపెట్టింది. వాళ్లలో పట్టలేని కోపం, దాడులు, ఇళ్లకు నిప్పు పెట్టడం లాంటివి ఉన్నాయి. అయితే అలా పూర్తిగా పాడైపోవడం చాలా చాలా అరుదు. మామూలు జనంలో ఉండేది మందకొడిగా పనిచేసే రకం. అది ఎంతో మందికి ఉంటుంది, యూరప్ మగవాళ్లలోనే సుమారు మూడో వంతుకు. ఇంత మందికి ఉన్నదాన్ని నేరం జన్యువు అనగలమా?

2002లో కాస్పీ, మోఫిట్ అనే పరిశోధకులు దీనికి జవాబు వెతికారు. న్యూజిలాండు డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన పిల్లలను చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చిన అధ్యయనం అది. మందకొడి రకం జన్యువు ఉండి, చిన్నప్పుడు దెబ్బలూ వేధింపులూ తిన్న మగపిల్లలు ఆ గుంపులో 12 శాతమే. హింసాత్మక నేరాల్లో పడ్డ శిక్షల్లో మాత్రం 44 శాతం వాళ్లవే. అదే జన్యువు ఉండి, దెబ్బలు తినకుండా పెరిగినవాళ్లు? మిగతా పిల్లల కంటే ఏ మాత్రం చెడ్డగా లేరు. తర్వాత చేసినవాళ్లలో కొందరికి ఇదే ఫలితం వచ్చింది, కొందరికి రాలేదు. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒక్క జన్యువును పట్టుకుని మాట్లాడడం బాగా తగ్గించారు. వేలాది జన్యు తేడాలు, ఒక్కోటీ ఇసుక రేణువంత ప్రభావం అని లెక్క. కానీ డునెడిన్ ఫలితం చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా వీధుల్లో పిల్లల్ని బెల్టుతో, చీపురుతో కొట్టడం నేను రోజూ చూస్తాను. ‘కొడితేగానీ బాగుపడడు’ అంటూ కొట్టేది, ఎవరి గురించైతే ‘ఆడి బాబూ ఇలాటోడే’ అని భయపడుతున్నారో ఆ పిల్లల్నే.

ఇక మెదడు. కళ్ల పైన, నుదుటి వెనక ఉండే భాగం ఎడ్లకు పగ్గం లాంటిది. కోపం, కోరిక, భయం లోపలి భాగాల్లో లేస్తాయి. ‘ఆగు, తర్వాత ఏమవుతుందో చూడు’ అని లాగేది ముందు భాగం. 2003లో ప్రచురించిన ఒక కేసు చదివితే ఇది ఒళ్లు జలదరించేలా అర్థమవుతుంది. అమెరికా వర్జీనియాలో 40 ఏళ్ల టీచరు. అంతకుముందు ఏ చెడ్డపేరూ లేదు. ఉన్నట్టుండి పిల్లల పట్ల తప్పుడు కోరికలు మొదలై, ఇంట్లో పిల్లతోనే తప్పుగా ప్రవర్తించి కోర్టు దాకా వెళ్లాడు. శిక్ష ఖరారయ్యే ముందు రాత్రి భరించలేని తలనొప్పితో ఆసుపత్రికొచ్చాడు. నడక తూలుతోంది. గడియారం బొమ్మ గీయమంటే సరిగ్గా గీయలేకపోయాడు. స్కాన్ తీస్తే కుడి కంటి పై భాగంలో, సరిగ్గా ఆ పగ్గం ఉండే చోట, పెద్ద కణితి. తీసేశారు. కోరికలు పోయాయి, ఇంటికి వెళ్లాడు. కొన్ని నెలలకు మళ్లీ తలనొప్పి, మళ్లీ రహస్యంగా అవే బొమ్మలు పోగుచేయడం. స్కాన్ తీస్తే కణితి మళ్లీ పెరిగింది. మళ్లీ తీశారు, మళ్లీ తగ్గింది.

ఇంత స్పష్టమైన కేసు చాలా అరుదు. అదే చోట కణితి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది ఏ నేరమూ చేయరు. అయినా ‘మెదడుకీ బుద్ధికీ సంబంధం లేదు’ అనే మాట ఈ కేసు తర్వాత అనలేం. 1997లో ఏడ్రియన్ రెయిన్ అనే పరిశోధకుడు 41 మంది హంతకుల మెదళ్లను స్కాన్ చేసి, అదే వయసు వాళ్లతో పోల్చితే, వాళ్లలో నుదుటి వెనక భాగం తక్కువగా పనిచేస్తున్నట్టు కనిపించింది. అయితే వాళ్లంతా కోర్టులో మానసిక స్థితి బాగోలేదని వాదించినవాళ్లు. మామూలు హంతకులకు అది వర్తిస్తుందని ఆ 41 మందిని చూసి చెప్పలేం.

పగ్గం వదులయ్యే దారులు ఇంకా ఉన్నాయి, వాటికి స్కానింగ్ మిషను కూడా అక్కర్లేదు. సారా మొదట మత్తెక్కించేది ఆ ముందు భాగాన్నే. పండగ రాత్రి కొట్లాట కేసులు పట్టుకొచ్చే ఏ కానిస్టేబుల్‌ని అడిగినా చెబుతాడు. రెండోది వయసు. ఆ ముందు భాగం పూర్తిగా ముదరడానికి ఇరవై ఐదేళ్ల దాకా పడుతుంది. అదీ ఒక కారణంగా చాలా దేశాల్లో నేరాలు పదిహేను దాటాక పెరిగి, ముప్పై వచ్చేసరికి తగ్గిపోతాయి. వాళ్ల జన్యువులేం మారలేదు, మెదడు పండింది. ఉద్యోగం, పెళ్లాం, పిల్లలు వచ్చారు.

మూడోది సీసం. వలలకు కట్టే సీసం గుళ్లు మన తీరం ఊళ్లలో అందరికీ తెలుసు. అదే లోహం పసిపిల్లల ఒంట్లోకి కాస్త వెళ్లినా మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అమెరికా సిన్సినాటిలో తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి రక్తంలో సీసం కొలుస్తూ వచ్చిన పిల్లల్లో, సీసం ఎక్కువ ఉన్నవాళ్లే పెద్దయ్యాక ఎక్కువగా అరెస్టయ్యారని 2008లో తేలింది. మన దేశంలో పెట్రోలులో సీసం కలపడం 2000లో ఆగింది. పాత రంగులు, బ్యాటరీలు కరిగించే చోట్లు, రంగు కలిపిన పసుపు ఇంకా ఉన్నాయి. ఇది అక్షరాలా రక్తంలో ఉన్న సంగతే. కానీ తండ్రి ఇచ్చింది కాదు.

తిండి సంగతి అన్నిటికంటే నన్ను కదిలించింది. మారిషస్‌లో మూడేళ్ల నుంచి ఐదేళ్ల వయసున్న వంద మంది పిల్లలకు మంచి తిండి, ఆటలు, చదువు కలిపి రెండేళ్లు ప్రత్యేకంగా ఇచ్చారు. ఇరవై ఏళ్ల తర్వాత, 23 ఏళ్ల వయసులో అడిగితే, ఆ సాయం అందని వాళ్లతో పోలిస్తే నేరాలు చేశామని చెప్పినవాళ్లు దాదాపు మూడో వంతు తక్కువ. మూడేళ్లప్పుడు పోషణ లేక చిక్కిపోయిన పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. ఇంగ్లండులో 231 మంది యువ ఖైదీల్లో సగం మందికి విటమిన్లు, ఖనిజాలు, మంచి కొవ్వులున్న మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూస్తే, అసలు మాత్రలు మింగినవాళ్లు జైల్లో చేసే తప్పులు నాలుగో వంతు దాకా తగ్గాయి. జీవశాస్త్రం అనగానే మనకు వంశం గుర్తొస్తుంది. గుడ్డు కూడా జీవశాస్త్రమే. అంగన్‌వాడీలో పసిదాని చేతికి రోజూ సక్రమంగా గుడ్డు అందుతోందా లేదా అన్నది కూడా.

ఇంతవరకూ ‘నేరం’ అన్న మాటను అందరికీ ఒకటే అర్థం ఉన్నట్టు వాడాను. అది నిజం కాదు. సీతంపేట కొండల మీద సవరలు తరతరాలుగా పోడు చేసుకునేవారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో పోడు నేరమైంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి అదే భూమికి పట్టా తీసుకోవచ్చంది. తాతా, తండ్రీ, మనవడూ ఒకే కొండ మీద ఒకే కొడవలి పట్టుకున్నారు. వాళ్ల జన్యువుల్లో ఏం మారింది? 1995లో రాష్ట్రంలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినప్పుడు సీసా పట్టుకున్నవాడు నేరస్తుడు, 1997లో సడలించాక కొనుక్కునేవాడు. కాగితం మీద ఉన్న గీత కణంలో ఉండదు.

జైల్లో పరీక్షించేది ఎవరినో కూడా చూడాలి. దొరికిపోయినవాణ్ని, లాయరు పెట్టుకోలేనివాణ్ని. జనం డిపాజిట్లు మింగేసినవాళ్లు, పాలల్లో యూరియా కలిపేవాళ్లు స్కానింగ్ మిషను లోపలికి వెళ్లరు. కాబట్టి ‘నేరస్తుడి మెదడు’ అని మనం చదివేది చాలావరకు పేద నేరస్తుడి మెదడు.

చిల్లంగి, అంటే చేతబడి, పేరుతో జరిగే హత్యల్నీ తలచుకోవాలి. ఉత్తరాంధ్ర ఏజెన్సీలో చిల్లంగి పెట్టాడన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపడం ఈ రోజుకీ పేపర్లో చదువుతున్నాం. ఆ పని చేసేవాళ్లలో చాలామంది అంతకుముందు ఈగకు కూడా హాని చేయనివాళ్లు. వాళ్ల మెదడులో కణితి లేదు, పగ్గం తెగలేదు. బిడ్డ జ్వరంతో చనిపోయింది, ఆసుపత్రి దూరం, ఎవరో ఒక పేరు చెప్పారు, ఊరు నమ్మింది. నమ్మకం చేసిన హత్యను జన్యువులో వెతికితే దొరకదు.

పుట్టుకతో వచ్చేవాటిలో నేరంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడ్డది ఏదంటే, మగపుట్టుక. మన దేశంలో జైళ్లలో ఉన్న ప్రతి వంద మందిలో ఆడవాళ్లు నలుగురే. ఎం.ఏ.ఓ.ఏ. లాంటి ఏ జన్యువుకీ ఇంత బలం లేదు. అయినా మగపిల్లాడు పుడితే ‘నేరస్తుడి రక్తం’ అని ఎవరూ అనరు, మిఠాయిలు పంచుతారు. అదే మగవాళ్లు జపాన్‌లో లక్ష జనాభాకు ఏడాదికి ఒక్క హత్య కూడా చేయరు, కొన్ని లాటిన్ అమెరికా దేశాల్లో ఇరవై దాటిస్తారు. క్రోమోజోము రెండు చోట్లా ఒకటే.

కోర్టులు దీన్నంతా ఏం చేయాలి? చేసే పని ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేనంతగా మతిస్థిమితం లేనివాడు చేసింది నేరం కాదని పాత ఐపీసీ 84వ సెక్షను చెప్పేది. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో అది 22వ సెక్షను. అలాంటి కేసుల్లో మనవైపు వాళ్లను విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి పంపుతారు. నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ లాంటి పరీక్షలు మనిషి ఒప్పుకోకుండా చేయకూడదని సుప్రీంకోర్టు 2010లో చెప్పింది. ఇటలీలో 2009లో ఒక హత్య కేసులో ఎం.ఏ.ఓ.ఏ. జన్యువు సహా కొన్ని కారణాలు చూపితే అప్పీలు కోర్టు శిక్ష ఒక ఏడాది తగ్గించింది. ఇది నాకు భయం కలిగించే దారి. ‘జన్యువు చేయించింది, శిక్ష తగ్గించండి’ అని ఈరోజు వాదిస్తే, ‘జన్యువు ఉంది కదా, మళ్లీ చేస్తాడు, బయటికి వదలకండి’ అని రేపు అవతలి లాయరు అదే కాగితం చూపిస్తాడు. రెండో వాదన 1871 చట్టానికి దగ్గరి చుట్టం.

మొన్న వేసవి సెలవుల్లో ఆ కుర్రాడు మళ్లీ వచ్చాడు. ఈసారి గుమ్మం దగ్గర ఆగనివ్వలేదు, లోపల కూర్చోబెట్టాను. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. జన్యువులూ మెదడూ పక్కనపెట్టి డెన్మార్కు అంకెలు మాత్రం చెప్పాను. కన్నవాళ్లకు కోర్టులో శిక్ష పడిన పిల్లలు వంద మంది అనుకో, వాళ్లలో ఇరవై మందికి శిక్ష పడింది. మిగతావాళ్లకు?

“ఎనభై మందికి పళ్లేదు,” అన్నాడు.

“తల్లిదండ్రుల మీద ఏ కేసూ లేనివాళ్లు వంద మంది అయితే, అందులో పదమూడు పద్నాలుగు మందికి పడింది.”

నేల మీద వేలితో గీసుకుని తీసివేత చేశాడు. రెండుసార్లు చేశాడు.

“ఆరేడుగురే కదండీ తేడా,” అన్నాడు. గ్లాసు పక్కన పెట్టి, కాసేపు ఆ నేల వైపే చూశాడు. తర్వాత వాళ్లమ్మ ఉప్పు ప్యాకెట్టు తెమ్మందని గుర్తొచ్చి లేచాడు. మా వీధి చివరి కొట్టు ఎడమకి. వాడు సైకిల్ కుడివైపు, పక్క ఊరి దారికి తిప్పాడు.